337 టన్నులు కాల్చేశారు సరే, కింద ఉన్న మట్టి సంగతేంటి?

భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో పడి ఉన్న విష వ్యర్థాలు మొత్తానికి కాల్చేశారు, నలభై ఏళ్ళ పీడ వదిలింది అని 2025 జూలైలో మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్‌లు. జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో 337 టన్నులు భోపాల్ నుంచి బయల్దేరి దాదాపు 250 కిలోమీటర్లు వెళ్ళి ధార్ జిల్లా పీతంపూర్ చేరాయి, అక్కడి జనం మాకెందుకీ విషం అని రోడ్డెక్కారు, చివరికి హైకోర్టు ఆదేశాలతో ముందు ట్రయల్‌గా 30 టన్నులు, తర్వాత మిగతాదంతా జూన్ ఆఖరుకల్లా ఇన్సినరేటర్‌లో కాల్చారు. ఇదంతా నిజమే. కానీ "ఇక ఆ స్థలం క్లీన్ అయిపోయినట్టే కదా" అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే చెప్పా, లేదు, అసలు పని ఇంకా మొదలే కాలేదని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే ఎవరికీ ఎక్కట్లేదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. మూతపడ్డ ఫ్యాక్టరీల నేలలో ఏముంది, ఎంత లోతుకి దిగింది, ఎటు పాకింది అని తేల్చే పని చేస్తుంటా నేను, హైదరాబాద్ చుట్టుపక్కల. కాబట్టి భోపాల్ రిపోర్టులు చదివినప్పుడల్లా మన ఊరే కళ్ళ ముందు కనిపిస్తది.

ముందు ఆ 337 టన్నులు ఏంటో చూద్దాం. 2005లో ఫ్యాక్టరీ ఆవరణలో నేల మీద, షెడ్లలో, రియాక్టర్లలో కనిపించిన చెత్తనంతా ఏరి, బస్తాల్లో కట్టి ఒక షెడ్‌లో పెట్టారు. సెవిన్ పురుగుమందు అవశేషాలు, దాని తయారీలో వాడే నాఫ్తాల్ అవశేషాలు, రియాక్టర్ అడుగున గడ్డకట్టిన పదార్థం, మిగతా దాదాపు సగం నేల మీద నుంచి గీకిన మట్టి. అంతే. అంటే కంటికి కనిపించింది, చేతికి అందింది మాత్రమే అన్నమాట. అది కాల్చాక కూడా బూడిద, సున్నం అన్నీ కలిపి 800 టన్నులు దాటింది, దాన్ని మళ్ళీ ఎక్కడో ఒకచోట జాగ్రత్తగా పూడ్చాలి.

మరి నేల లోపల? 2010లో నాగపూర్‌లో ఉన్న నీరి (పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ), మన హబ్సిగూడ ఎన్జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) కలిసి సర్వే చేసి ఇచ్చిన రిపోర్టులో కలుషితమైన మట్టి సుమారు 11 లక్షల టన్నులు అని అంచనా వేశారు. తార్నాక ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) వాళ్ళు అదే టైంలో ప్లాంట్‌ని ఎలా శుద్ధి చేసి విప్పాలో చూశారు, అంటే భోపాల్ నేల గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం హైదరాబాద్ సైంటిస్టుల చేతుల మీదుగా వచ్చిందే. 11 లక్షల పక్కన 337 పెట్టి చూడండి, పదివేల టన్నులకి మూడు టన్నులు. ఆ కాస్త కదల్చడానికే కోర్టులు, కమిటీలు, ఆందోళనలు, ఇరవై ఏళ్ళు పట్టింది. మధ్యలో 2012లో జర్మనీకి చెందిన జీఐజెడ్ సంస్థ విమానంలో తీసుకెళ్ళి హాంబర్గ్‌లో కాల్చేస్తాం, 24.56 కోట్లు అవుతది అని ముందుకొచ్చింది, అక్కడ వ్యతిరేకత రాగానే వెనక్కి తగ్గింది.

ఇంకో ముఖ్యమైన విషయం, చాలామంది చదువుకున్న వాళ్ళకి కూడా తెలియనిది. భోపాల్ నేలలో ఉన్న విషానికీ 1984 డిసెంబర్ 2 రాత్రి లీకైన గ్యాస్‌కీ సంబంధం లేదు. ఆ రాత్రి లీకైన 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ గాలిలో కలిసి వేలమందిని చంపింది. కానీ నేల పాడవడం అంతకు పదిహేనేళ్ళ ముందే, 1969లో ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచీ మొదలైంది. మొదటి ఎనిమిదేళ్ళు వ్యర్థాలని ఆవరణలోనే గుంతలు తీసి పడేశారు, అలాంటి చోట్లు 21 అని లెక్క తేలింది. 1977లో ఫ్యాక్టరీకి ఉత్తరాన, ఓ 400 మీటర్ల దూరంలో, 32 ఎకరాల్లో సోలార్ ఇవాపొరేషన్ పాండ్లు కట్టారు, అంటే కింద ప్లాస్టిక్ షీటు పరిచి కెమికల్ నీళ్ళు నింపి ఎండకి ఆవిరైపోవాలని వదిలేయడం. ఆ పాండ్లు లీకవుతున్నాయని 1982లోనే భోపాల్ నుంచి అమెరికాలోని పై ఆఫీసుకి టెలెక్స్‌లు వెళ్ళాయి, అప్పటికే పక్క పొలాల రైతులు మా పశువులు చనిపోతున్నాయని మొత్తుకుంటున్నారు. ఇదంతా గ్యాస్ లీక్‌కి ముందు సంగతి. ఆ రాత్రి ఏమీ జరక్కపోయినా, ఫ్యాక్టరీ మామూలుగా నడిచి మామూలుగా మూతపడి ఉన్నా, ఆ నేలా ఆ నీళ్ళూ ఇట్లాగే ఉండేవి. అందుకే దీన్ని ఎక్కడో ఒకచోట జరిగిన ప్రమాదం అని పక్కన పెట్టేయలేం, మామూలు ఫ్యాక్టరీలు మామూలుగా చేసే పనే ఇది.

ఇప్పుడు ఇలాంటి స్థలాన్ని ఎలా పరీక్షిస్తారో చెప్తా. అందరూ అనుకునేది బండి వస్తది, డ్రిల్ వేస్తది, మట్టి తీస్తది, ల్యాబ్ చెప్తది అని. కాదు. మొదటి పని అడగడం. ఇక్కడ ఏం తయారు చేసేవాళ్ళు, ఏ ముడిసరుకుతో, ఏ సాల్వెంట్‌తో (పదార్థాలని కరిగించే కెమికల్ ద్రవం), రోజుకి ఎన్ని నీళ్ళు వాడేవాళ్ళు, ఆ నీళ్ళు ఎటు పోయేవి, డ్రమ్ములు ఎక్కడ పేర్చేవాళ్ళు, ట్యాంకులు కడిగిన నీళ్ళు ఏ కాలవలో వదిలేవాళ్ళు, కొత్త షెడ్ కట్టక ముందు ఆ స్థలంలో ఏముండేది. పాత లేఅవుట్ డ్రాయింగులు, డ్రైనేజీ ప్లాన్లు, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) కన్సెంట్ పత్రాలు, పాత శాటిలైట్ ఫోటోలు, ఇవన్నీ దగ్గర పెట్టుకుని పాత వర్కర్లని వెతుక్కుంటూ వెళ్ళాలి. మెషీన్ కంటే మనిషి ఎక్కువ చెప్తాడు, నా అనుభవంలో ప్రతి చోటా ఇదే. ఎప్పుడో మూసేసిన ఒక ప్లేటింగ్ యూనిట్ (లోహాలకి పూత వేసే ఫ్యాక్టరీ) స్థలానికి వెళ్ళినప్పుడు ఓనర్ ఇచ్చిన డ్రాయింగ్‌లో వెనక గోడ దగ్గర ఖాళీ జాగా అని ఉంది, పక్కనే బండి మీద చాయ్ అమ్మే పెద్దాయన మాత్రం "వానాకాలం ఆ గోడ అవతల నీళ్ళు పసుపు పచ్చగా నిలబడతయ్ సార్, గొడ్లు కూడా మూతి పెట్టవు" అన్నాడు. పసుపు నీళ్ళంటే ఆ పూతల్లో వాడే విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం అనుమానించాల్సిందే. ఆయన చెప్పిన చోటే మొదటి బోర్ వేయించా, డ్రాయింగ్ చూసుకుని వేసి ఉంటే అక్కడికి వెళ్ళేవాళ్ళమే కాదు.

భోపాల్‌లో కూడా అంతే. ఆ 21 గుంతలు ఎక్కడున్నాయో కంపెనీ మ్యాపుల కంటే అక్కడ పని చేసినవాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళు ఒక్కొక్కరుగా పోతున్నారు.

తర్వాత నడవాలి. ఊరికే నడవడం కాదు, ఎక్కడ గడ్డి మొలవలేదు, ఎక్కడ మట్టి రంగు మారింది, గోడకి ఎంత ఎత్తు వరకు మరక ఉంది, ఎక్కడ వాసన వస్తోంది అని ఒక్కో మూలా చూసుకుంటూ. 1999లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు భోపాల్ ప్లాంట్‌లో శాంపిల్స్ తీసినప్పుడు సెవిన్ యూనిట్ దగ్గర పాదరసం మామూలు నేలలో ఉండేదానికంటే లక్షల రెట్లు ఎక్కువ ఉందని తేలింది, ఒక డ్రైన్ దగ్గర. పది గజాలు పక్కకి జరిగి తీసి ఉంటే ఆ అంకె వచ్చేది కాదు. ఈ వృత్తిలో అన్నిటికంటే భయపెట్టేది ఇదే నాకు, ఎక్కడ తవ్వాలో నిర్ణయించింది ఎవరు అన్న దాన్ని బట్టి జవాబు మారిపోద్ది. స్థలాన్ని గళ్ళుగా విడగొట్టి సమాన దూరంలో శాంపిల్స్ తీస్తే చూడ్డానికి పద్ధతిగా ఉంటది కానీ గుంత రెండు గళ్ళ మధ్యలో పడితే రిపోర్టులో అంతా బాగుందని వస్తది. ఇంకా కొందరు అయిదారు చోట్ల మట్టి కలిపి ఒకే శాంపిల్‌గా పంపిస్తారు ఖర్చు తగ్గుద్దని, విషం ఉన్న మట్టిని మంచి మట్టితో కలిపితే సగటు తగ్గదా మరి? పేపర్ మీద పరిమితి లోపల ఉందని వచ్చేస్తది, నేలలో మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటది.

లోతు గురించి భోపాల్‌లో పెద్ద పాఠమే ఉంది. అక్కడ పైన నల్లరేగడి, బంకమట్టి. బంకమట్టిలో నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి కాబట్టి విషం భూగర్భ జలానికి చేరడానికి 23 ఏళ్ళు పడుతుందని 1990లలో నీరి లెక్క వేసింది. యూనియన్ కార్బైడ్ తరఫున పని చేసిన కన్సల్టెంట్లే ఆ లెక్క చూసి, పరిస్థితి బాగా లేకపోతే రెండేళ్ళలోనే చేరొచ్చని హెచ్చరించారు. 23 ఎక్కడ, 2 ఎక్కడ! రేగడి నేల ఎండాకాలం ఎలా నెర్రెలు ఇచ్చుకుంటదో మన రైతుల్ని ఎవరిని అడిగినా చెప్తారు, మనిషి చెయ్యి దూరేంత. మొదటి వాన నీళ్ళు ఆ నెర్రెల్లోంచే నేరుగా కిందికి పోతాయి. పైగా పాడుబడ్డ బోర్లు, చేతిపంపులు, పునాదుల కోసం తవ్వినవి, ఇవన్నీ దారులే. ల్యాబ్‌లో గుప్పెడు బంకమట్టి మీద తీసిన లెక్క అంత నేలకీ వర్తించదు.

డైక్లోరోబెంజీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి క్లోరిన్ ఉన్న సాల్వెంట్లతో ఇంకో చిక్కు. అవి నీటికంటే బరువు, చెంబు నీళ్ళలో తేనె చుక్క వేస్తే అడుక్కి జారినట్టు నీటి మట్టం దాటుకుని కింద గట్టి పొర తగిలేదాకా పోయి అక్కడ కూర్చుంటాయి, అక్కడ్నుంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతూ ఉంటాయి. అందుకే పైన నాలుగడుగులు తీసి పరీక్ష చేసి ఏమీ లేదని రాయడం అసలు చెల్లదు. మన హైదరాబాద్ నేల ఇంకో రకం, పైన కాస్త మట్టి, కింద మెత్తబడ్డ రాయి, దాని కింద గ్రానైట్‌లో పగుళ్ళు. నీళ్ళు ఆ పగుళ్ళ వెంట పోతాయి కాబట్టి ఒక ఇంటి బోరు శుభ్రంగా ఉండి పక్కింటి బోరు పాడై ఉండొచ్చు. మా బోరు బాగుంది కాబట్టి ఏరియా బాగుంది అనే మాట ఇక్కడ నిలబడదు.

భూగర్భ జలం ఎటు పారుతుందో తెలియాలంటే కనీసం మూడు పరిశీలన బావులు కావాలి, వాటిలో నీటి మట్టాల తేడాని బట్టి దిశ తేలుద్ది. ఫ్యాక్టరీకి ఎగువన ఒకటైనా బావి ఉండాలి, లేకపోతే ఈ విషం వీళ్ళదా పైనుంచి వచ్చిందా అన్న వాదన కోర్టులో ఎప్పటికీ తెగదు. వానలకి ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడాలి. ఒక్కసారి చూసి వదిలేస్తే ఆ ఒక్క రోజు సంగతే తెలుస్తది. భోపాల్‌లో 2010 రిపోర్టు నీటి కాలుష్యం ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న కొద్ది బావులకే పరిమితం అన్నట్టు రాసింది, కానీ అంతకు ముందు ఏడాదే ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ వాళ్ళకి 3 కిలోమీటర్ల దూరంలో కూడా ఆ ఫ్యాక్టరీకి చెందిన క్లోరిన్ పదార్థాలు, పురుగుమందులు దొరికాయి. ఆ తర్వాత ఏళ్ళలో చేసిన పరీక్షల్లో 42 బస్తీల దాకా లెక్క వెళ్ళింది. అంటే మనం కమిటీలు వేసుకుంటున్నంత సేపూ అది కదులుతూనే ఉంది.

ల్యాబ్‌ని ఏం వెతకమన్నాం అన్నది కూడా అంతే ముఖ్యం. మన దగ్గర అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళకి టీడీఎస్, పీహెచ్, హార్డ్‌నెస్, ఫ్లోరైడ్ చూసి బాగుందంటారు. క్లోరోఫామ్, ట్రైక్లోరోబెంజీన్ లాంటి కెమికల్స్ గానీ లిండేన్ అనే పురుగుమందు గానీ ఆ నాలుగు పరీక్షల్లో జన్మలో కనపడవు, ప్రత్యేకంగా అడిగితేనే చూస్తారు. భోపాల్‌లో సెవిన్, ఆల్డికార్బ్ అనే పురుగుమందులతో పాటు లిండేన్ కలిపిన సెవిడాల్ కూడా తయారు చేసేవాళ్ళు కాబట్టి లిండేన్ వెతకాలని చరిత్ర చదివిన వాళ్ళకే తడుతుంది, చూశారా మళ్ళీ అడగడం దగ్గరికే వచ్చాం. శాంపిల్ తీసే పద్ధతి సంగతి కూడా చెప్పాలి, ఆవిరయ్యే సాల్వెంట్లయితే చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, వెంటనే ఐస్ పెట్టెలో పెట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో కాగితం మీద రాసుకుంటూ ల్యాబ్‌కి చేర్చాలి. ప్లాస్టిక్ వాటర్ బాటిల్‌లో పట్టి ఎండలో కారు వెనక పడేస్తే విషం దారిలోనే ఎగిరిపోద్ది, రిజల్ట్ బ్రహ్మాండంగా వస్తది.

భోపాల్‌లో ఆ ఇవాపొరేషన్ పాండ్ల పక్కన ఇప్పుడు బ్లూ మూన్ కాలనీ ఉంది. ఫ్యాక్టరీ గోడని ఆనుకుని అటల్ అయూబ్ నగర్, ఆరిఫ్ నగర్, జేపీ నగర్. గ్యాస్‌కి కుటుంబాలు పోగొట్టుకున్న వాళ్ళే ఏళ్ళ తరబడి ఆ చేతిపంపుల నీళ్ళు తాగారు. నీళ్ళ మీద నూనె తెట్టు కడుతోంది, వాసన వస్తోంది అని మొదట చెప్పింది ఆ ఇళ్ళల్లోని ఆడవాళ్ళే. వాళ్ళు చెప్పిన తర్వాత చాలా ఏళ్ళకి గానీ, 2004లో సుప్రీంకోర్టు చెప్తే గానీ మంచినీళ్ళ సరఫరాకి ఆదేశం రాలేదు. ఒక తల్లి నీళ్ళు వాసనొస్తున్నాయి అంటే అది కూడా డేటానే, దాన్ని రాసుకుని ఆ పంపు దగ్గర శాంపిల్ తీయాలి. ఆమె చెప్తే నమ్మకుండా ల్యాబ్ కాగితం కోసం పదేళ్ళు ఆగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈలోపు బాధ్యత చేతులు మారుతూ పోయింది. 1994లో యూనియన్ కార్బైడ్ తన ఇండియా కంపెనీలో వాటా అమ్మేసింది, 1998లో స్థలం లీజు మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి తిరిగొచ్చింది, 2001లో కార్బైడ్‌ని డౌ అనే అమెరికా కెమికల్ కంపెనీ కొనేసింది, డౌ ఏమో ఆ బాధ్యత మాది కాదంటోంది. పరీక్ష సరిగ్గా చేయకుండా స్థలం చేతులు మారితే జరిగేది ఇదే, నేల లోపలిది లోపలే ఉంటుంది, జవాబు చెప్పాల్సిన వాడు మాత్రం కనపడడు.

ఇక మన దగ్గరికి వస్తా. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు కథ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది 1990లోనే. కాటేదాన్‌లో నూర్ మహ్మద్ కుంట అనే చెరువు ఫ్యాక్టరీల మురికితో ఏమైందో అటు వైపు వాళ్ళకి తెలుసు. ఇప్పుడు 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు లోపల, చుట్టుపక్కల ఉన్న పాత ఇండస్ట్రియల్ ఏరియాల్లో 9 వేల ఎకరాల పైచిలుకు భూమిని ఇళ్ళకీ ఆఫీసులకీ మార్చుకోవచ్చని. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, నాచారం, ఉప్పల్, కాటేదాన్. దీని మీద టీవీల్లో జరిగిన గొడవంతా భూముల విలువ ఎంత, ఎవరికి లాభం అనే. ఆ నేలలో ఏముందో ముందు చూశారా అని గట్టిగా అడిగినవాళ్ళు చాలా తక్కువ. కాలుష్యం ఊరి నుంచి బయటికి పోవాలన్న ఆలోచన మంచిదే, నేనూ ఒప్పుకుంటా, కానీ ఫ్యాక్టరీ వెళ్ళిపోయినా నలభై ఏళ్ళు దాని కింద ఇంకింది వెళ్ళదు కదా. అమెరికాలో నయాగరా దగ్గర లవ్ కెనాల్ అనే చోట హుకర్ కెమికల్ కంపెనీ వేల టన్నుల కెమికల్ వ్యర్థాలు పూడ్చి, పైన మట్టి కప్పి 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలర్‌కి స్కూల్ బోర్డుకి ఇచ్చేసింది. స్కూలు వచ్చింది, చుట్టూ ఇళ్ళు వచ్చాయి, పాతికేళ్ళకి ఆ కెమికల్స్ ఇళ్ళ బేస్‌మెంట్లలోకి ఊరాయి, 1978లో ఎమర్జెన్సీ ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించారు. మనం ఇప్పుడు అపార్ట్‌మెంట్లకి రెండు మూడు సెల్లార్లు తవ్వుతున్నాం. అంటే సరిగ్గా విషం కూర్చునే లోతులో పిల్లలు సైకిల్ తొక్కుతారు.

మన దేశంలో కూడా చట్టం ఇప్పుడిప్పుడే వచ్చింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు నోటిఫై చేసింది. అనుమానం ఉన్న స్థలాల లిస్టు స్థానిక సంస్థలు గానీ జిల్లా యంత్రాంగం గానీ ఇవ్వాలి, అందాక 90 రోజుల్లో రాష్ట్ర పీసీబీ ప్రాథమిక పరీక్ష చేయాలి, తర్వాత మూడు నెలల్లో పూర్తి సర్వే, పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలి, వాడు దొరక్కపోతే ప్రభుత్వం చూసుకోవాలి. మంచి నియమాలే, కాకపోతే అంతా ఆ మొదటి లిస్టు మీద ఆధారపడి ఉంది. మీ మున్సిపాలిటీ గానీ జిల్లా అధికారులు గానీ ఆ స్థలం పేరు రాయకపోతే 90 రోజుల గడియారం మొదలే కాదు. భూమి వినియోగం మార్చమని దరఖాస్తు వచ్చిన ప్రతి ఫ్యాక్టరీ స్థలం పేరూ దానంతటదే ఆ లిస్టులోకి ఎక్కాలి, రిపోర్టు జనానికి కనపడేలా పెట్టాలి, అప్పటిదాకా పునాది తవ్వడానికి పర్మిషన్ ఇవ్వకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

మీరు అలాంటి ఏరియాలో ఫ్లాట్ కొంటుంటే రెరా నంబర్ అడిగినట్టే ఇది కూడా అడగండి, ఇక్కడ ముందు ఏ ఫ్యాక్టరీ ఉండేది, మట్టి, నీళ్ళు ఎంత లోతు వరకు పరీక్ష చేశారు, ఏయే కెమికల్స్ చూశారు, తవ్వి తీసిన మట్టి ఎక్కడ పోశారు. చివరి ప్రశ్న మర్చిపోవద్దు, ఆ మట్టి లారీల్లో వెళ్ళి ఇంకెవరి ప్లాట్ ఎత్తు పెంచడానికో వాడుంటారు.

ఇంకోటి, ఇది చదివే వాళ్ళలో చాలామంది నాన్నలో బాబాయిలో మేనమామలో బాలానగర్‌లో, జీడిమెట్లలో, నాచారంలో ఏదో ఒక కంపెనీలో పని చేసే ఉంటారు. ఇప్పుడు వాళ్ళకి అరవై, డెబ్భై ఏళ్ళు. ఈ ఆదివారం వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి, డ్రమ్ములు ఎక్కడ పెట్టేవాళ్ళు, కడిగిన నీళ్ళు ఎటు వదిలేవాళ్ళు, రాత్రి షిఫ్టులో ఏం పారబోసేవాళ్ళు అని. ఒక తెల్లకాగితం మీద గేటు, షెడ్లు, బావి, వెనక గోడ గీయించుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు మార్క్ చేసి, ఏ సంవత్సరం నాటి సంగతో రాసి పెట్టుకోండి. ఆ స్థలం ఎప్పుడు పరీక్షకి వచ్చినా బోర్ ఎక్కడ వేయాలో చెప్పడానికి మాకు ఆ కాగితం కావాలి.